ఊడ్చే ముందు ఒక్క ప్రశ్న



జాగా నిండిపోయింది, ఏదైనా తీసెయ్యండి అని ఫోన్ అడుగుతుంది. కంప్యూటర్‌లో అయితే సీ డ్రైవ్ దగ్గరుండే నీలం గీత ఎర్రగా మారుతుంది. అది చూడగానే మనకి కంగారు పుడుతుంది. వాడని యాప్‌లు తీసేస్తాం. పేరు తెలియని ఫోల్డర్లు తీసేస్తాం. ఎక్కడ 'క్లియర్' అని కనిపిస్తే అక్కడ నొక్కేస్తాం. జాగా వస్తుంది. తర్వాత ఎప్పుడో అవసరం పడి ఒక ప్రోగ్రాం తెరుస్తాం. అది మనల్ని గుర్తుపట్టదు. పేరు అడుగుతుంది. పాస్‌వర్డ్ అడుగుతుంది. ఏళ్ల తరబడి మన వీలుకి తగ్గట్టు సర్దుకున్న సెట్టింగులన్నీ పోయి, కొన్న రోజున ఎలా ఉందో అలా కనిపిస్తుంది.

అలా కాకుండా అక్కర్లేని ప్రోగ్రాం ఫైళ్ళని తీసెయ్యడం ఎలాగో ఇవాళ మాట్లాడుకుందాం. మీరు కాగితం, కలం తెచ్చుకోనక్కర్లేదు. ఒక్క ప్రశ్న గుర్తుంచుకుంటే చాలు. ఏది తీసెయ్యబోతున్నా ఒక్క క్షణం ఆగి ఇలా అడగండి. "ఇది పోతే మళ్ళీ ఎక్కణ్ణుంచి వస్తుంది?"

మళ్ళీ చెబుతున్నాను. ఇది పోతే, మళ్ళీ ఎక్కణ్ణుంచి వస్తుంది? జవాబు తెలిస్తే తీసెయ్యండి. తెలియకపోతే ఆగండి.

మీ వీధిలో దర్జీ కొట్టు ఒకటి ఊహించుకోండి. నేల నిండా గుడ్డ పేలికలు, తెగిన దారాలు. ఒక పక్క కుట్టుమిషను. సొరుగులో కొలతల పుస్తకం. అలమరాలో జనం ఇచ్చిపోయిన బట్టలు. కొట్టు ఇరుకైపోయింది, సర్దాలి. పేలికలు ఊడ్చి పారేస్తే ఏ నష్టమూ లేదు. రేపు పని మొదలుపెట్టగానే మళ్ళీ పడతాయి. మిషను పాతదైతే అమ్మేసి కొత్తది కొనుక్కోవచ్చు. కానీ కొలతల పుస్తకం? ఎవరి భుజం ఎంత, ఎవరి నడుము ఎంత, ఎవరికి జేబు ఎటువైపు కావాలి, అన్నీ అందులోనే ఉన్నాయి. అది ఏ బజారులోనూ దొరకదు. ఇక అలమరాలో బట్టల సంగతి చెప్పక్కర్లేదు. అవి పోతే మాట పోయినట్టే.

మీ కంప్యూటర్‌లోనూ, మీ ఫోన్‌లోనూ ఈ నాలుగూ ఉన్నాయి. పేలికలంటే టెంపరరీ ఫైళ్ళు, క్యాష్ అని పిలిచేవి. మిషను అంటే ప్రోగ్రాం. కొలతల పుస్తకం అంటే మీ సెట్టింగులు. అలమరాలో బట్టలంటే మీ ఉత్తరాలు, ఫోటోలు, లెక్కలు. మనం చేసే పొరపాట్లు దాదాపు అన్నీ ఒక్క కారణంతోనే వస్తాయి. పేలికలు ఊడుస్తున్నాం అనుకుంటూ కొలతల పుస్తకాన్ని కూడా చెత్తబుట్టలో వేసేస్తాం.

ముందు కంప్యూటర్ సంగతి చూద్దాం. మన దగ్గర ఎక్కువగా ఉన్నది విండోస్ కాబట్టి దాని గురించే చెబుతాను.

విండోస్‌లో ఈ నాలుగింటికీ దాదాపుగా నాలుగు చోట్లున్నాయి. ప్రోగ్రాములు సీ డ్రైవ్‌లో 'ప్రోగ్రాం ఫైల్స్' అనే ఫోల్డర్‌లో ఉంటాయి. మీరు తయారుచేసుకున్న ఫైళ్ళు 'డాక్యుమెంట్స్', 'పిక్చర్స్' లాంటి చోట్ల ఉంటాయి. మరి సెట్టింగులు? వాటిలో చాలావరకు 'యాప్‌డేటా' అనే ఫోల్డర్‌లో ఉంటాయి. అది మీ పేరు మీదున్న ఫోల్డర్ లోపలే ఉంటుంది, కానీ మామూలుగా కంటికి కనపడదు. తెలియక ఎవరూ చెయ్యి పెట్టకుండా విండోస్ దాన్ని దాచి ఉంచుతుంది. టెంపరరీ ఫైళ్ళు కూడా అదే యాప్‌డేటా లోపల 'టెంప్' అనే ఫోల్డర్‌లో పేరుకుంటాయి. ఇక్కడే చిక్కు. పేలికలూ, కొలతల పుస్తకమూ ఒకే గదిలో ఉన్నాయి. అందుకే యాప్‌డేటా మొత్తాన్ని తీసెయ్యమని ఎవరు సలహా ఇచ్చినా వినకండి. ఎంత జాగా తింటున్నట్టు కనిపించినా వినకండి.

ఆ ఒక్క ఫోల్డర్‌లో ఏముంటాయో చెబితే దాని విలువ తెలుస్తుంది. క్రోమ్‌లో మీరు గుర్తుపెట్టుకున్న వెబ్‌సైట్లు, దాచుకున్న పాస్‌వర్డ్‌లు అక్కడ ఉంటాయి. ఫైర్‌ఫాక్స్‌వీ అక్కడే. వర్డ్‌లో కొత్త కాగితం తెరవగానే మీరు కోరుకున్న అక్షరం, మీరు కోరుకున్న అంచులు వస్తున్నాయంటే, ఆ వివరం 'నార్మల్' అనే పేరున్న చిన్న టెంప్లేట్ ఫైలులో ఉంది. ఆ ఫైలూ అక్కడే ఉంటుంది. ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు తప్పుగా చూపించకుండా మీరు వర్డ్ నిఘంటువులో చేర్చుకున్న మాటలు కూడా అక్కడే. ఒక ఆఫీసు గుమాస్తా ఏళ్ల పాటు ఒక్కొక్క పేరే చేర్చుకుంటూ పోయిన జాబితా అది. దాని బరువు కొన్ని కేబీలు మాత్రమే. తీసేస్తే వచ్చే జాగా ఏమీ ఉండదు. పోతే మాత్రం మళ్ళీ ఒక్కొక్కటీ కూర్చుకోవాలి.

ఈ విషయం కాస్త నొక్కి చెప్పాలి. సెట్టింగులు తీసేస్తే మీకు పెద్దగా జాగా రాదు. అవి చాలా చిన్నవి. జాగా తినేవి వేరే. ప్రోగ్రాములు తింటాయి, వీడియోలు తింటాయి, క్యాష్ తింటుంది. అందుకే సెట్టింగులు ఉంచుకోవాలా, జాగా కావాలా అని తేల్చుకోవాల్సిన పనే లేదు. రెండూ దక్కుతాయి.

ఇక ప్రోగ్రాం తీసెయ్యడం. చాలామంది ప్రోగ్రాం ఫైల్స్‌లోకి వెళ్ళి ఆ ప్రోగ్రాం ఫోల్డర్‌ని నేరుగా డిలీట్ చేస్తారు. అలా చెయ్యకండి. ప్రోగ్రాం ఒక్క ఫోల్డర్‌లోనే ఉండదు. విండోస్ దగ్గర రిజిస్ట్రీ అనే పెద్ద చిట్టా ఉంటుంది. ప్రోగ్రాం ఎక్కేటప్పుడు అందులో తన పద్దులు రాయిస్తుంది. ఫోల్డర్ తీసేస్తే పద్దులు మిగిలిపోతాయి. తర్వాత అదే ప్రోగ్రాం మళ్ళీ ఎక్కించబోతే, ఇప్పటికే ఉందని మొండికేసే అవకాశం ఉంది. సరైన దారి ఇది. సెట్టింగ్స్ తెరవండి. అందులో యాప్స్ అని ఉంటుంది. అక్కడ మీ కంప్యూటర్‌లో ఉన్న ప్రోగ్రాములన్నీ వరసగా కనిపిస్తాయి. అక్కర్లేని దాని పక్కన 'అన్‌ఇన్‌స్టాల్' నొక్కండి. ప్రోగ్రాం తన పద్దులు తానే కొట్టేసుకుని వెళ్ళిపోతుంది.

అలా వెళ్ళేటప్పుడు చాలా ప్రోగ్రాములు మీ సెట్టింగులని యాప్‌డేటాలో అలాగే ఉంచి వెళతాయి. మీరు రేపు తిరిగి తెచ్చుకుంటారేమోనని. ఫైర్‌ఫాక్స్ అలాగే చేస్తుంది. కానీ కొన్ని అడుగుతాయి. క్రోమ్‌ని తీసేస్తుంటే, మీ బ్రౌజింగ్ డేటా కూడా తీసెయ్యాలా అని ఒక చిన్న గడి చూపిస్తుంది. అందులో టిక్కు పెడితే కొలతల పుస్తకం కూడా పోతుంది. కాబట్టి అన్‌ఇన్‌స్టాల్ నొక్కాక వచ్చే ప్రతి చిన్న కిటికీనీ నిదానంగా చదవండి. 'నెక్స్ట్, నెక్స్ట్' అని నొక్కుకుంటూ పోకండి. చదవడం రాకపోతే ఇంట్లో చదివేవాళ్లని పక్కన కూర్చోబెట్టుకోండి.

లినక్స్ వాడే విద్యార్థులకి ఒక్క మాట. ఉబుంటు లాంటి వాటిలో రెండు ఆదేశాలున్నాయి, రిమూవ్, పర్జ్ అని. రిమూవ్ అంటే ప్రోగ్రాం పోతుంది, కంప్యూటర్ మొత్తానికి వర్తించే దాని సెట్టింగుల ఫైళ్ళు మిగిలి ఉంటాయి. పర్జ్ అంటే అవి కూడా పోతాయి. తెలిసి ఎంచుకోండి.

శ్రోతలారా, ఇప్పటిదాకా చెప్పింది సులువైన భాగం. అసలు ప్రమాదం ఇప్పుడు చెబుతాను. కొలతల పుస్తకాన్ని కొన్ని పాత ప్రోగ్రాములు యాప్‌డేటాలో పెట్టవు. మిషను కింద సొరుగులోనే పెట్టుకుంటాయి. అంటే ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్‌లోనే సెట్టింగులూ ఉంటాయి, మీ ఫైళ్ళు కూడా ఉంటాయి.

దీనికి మన ఊళ్లలో అందరికీ తెలిసిన ఉదాహరణ ట్యాలీ. కిరాణా టోకు కొట్టు నుంచి రైస్‌మిల్లు దాకా లెక్కలు దాంట్లోనే రాస్తున్నారు. పాత ట్యాలీ ఎక్కించిన చాలా కంప్యూటర్లలో లెక్కల ఫోల్డర్, 'డేటా' అనే పేరుతో, ట్యాలీ ఫోల్డర్ లోపలే ఉంటుంది. కొత్త ట్యాలీ వచ్చింది కదా, పాతది ఎందుకని ఆ ఫోల్డర్ మొత్తం డిలీట్ చేశారనుకోండి. పోయేది ప్రోగ్రాం ఒక్కటే కాదు. సంవత్సరాల జమాఖర్చులు పోతాయి. జీఎస్‌టీ లెక్కలు పోతాయి. ఎవరి బాకీ ఎంతో చెప్పే పద్దులు పోతాయి. ప్రోగ్రాం మళ్ళీ వస్తుంది. పద్దులు మళ్ళీ ఎక్కణ్ణుంచి వస్తాయి? ట్యాలీ తెరిచినప్పుడు కంపెనీ పేరు ఎంచుకునే చోట, ఆ లెక్కలు ఏ ఫోల్డర్‌లో ఉన్నాయో దారి కనిపిస్తుంది. అది చూసుకోండి. ట్యాలీలోనే బ్యాకప్ అనే ఏర్పాటు ఉంది. ముందు ఆ బ్యాకప్ తీసి ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. ఆ బ్యాకప్ ఇంకో కంప్యూటర్‌లో తెరుచుకుంటోందని చూసుకున్నాకే పాతదాని మీద చెయ్యి వెయ్యండి.

రెండో ఉదాహరణ మన డీటీపీ సెంటర్లు. పెళ్ళి శుభలేఖలు, కరపత్రాలు, చిన్న పత్రికలు, కవుల సొంత పుస్తకాలు, ఇవన్నీ ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో తయారయ్యాయి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. ఆ తర్వాత ఇంకో పెద్ద వెర్షన్ రాలేదు. ఇప్పుడు ఇన్‌డిజైన్ వచ్చింది, యూనికోడ్ వచ్చింది, పాతవి ఎందుకని తీసెయ్యాలనిపించడం సహజమే. కానీ కాస్త ఆలోచించండి. అను ఫాంట్లు యూనికోడ్ పద్ధతిలో చేసినవి కావు. ఆ ఫాంట్‌తో కంపోజ్ చేసిన పుస్తకాన్ని ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు కనిపించదు. ఇంగ్లీషు అక్షరాలూ, చుక్కలూ, వంకర గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయి. అంటే ఆ ఫాంట్ పోతే పాత పుస్తకాలన్నీ ఉండీ లేనట్టే.

మరి ఫాంట్ మళ్ళీ ఎక్కించుకోవచ్చు కదా అంటారా? అందుకే నా ప్రశ్నలో 'ఎక్కణ్ణుంచి' అన్న మాట పెట్టాను. ఎక్కించే సీడీ మీ దగ్గర ఉందా? ఉంటే, ఇప్పటి కంప్యూటర్లలో సీడీ పెట్టే చోటు ఉందా? ఆ ప్రోగ్రాం కొన్నప్పుడు ఇచ్చిన లైసెన్సు నంబరు కాగితం దొరుకుతుందా? ఈ మూడింటికీ అవునంటేనే అది మళ్ళీ వచ్చే సరుకు. లేకపోతే ఆ మిషను కూడా కొలతల పుస్తకమంత విలువైనదే. మార్కెట్లో దొరకని మిషనుని పాతదని అమ్ముకోం. డీటీపీ వాళ్లకి నా మనవి ఒకటే. మీ పాత కంప్యూటర్‌లో ఉన్న ఫాంట్లని, మీరు అలవాటుపడిన కీబోర్డ్ అమరికని, పేజ్‌మేకర్ ఫైళ్ళని ఒక బయటి డిస్క్‌లోకి కాపీ చేసి, పూర్తయిన ప్రతి పుస్తకాన్నీ పీడీఎఫ్‌గా కూడా దాచండి. తెలుగులో అచ్చయిన ఎన్నో చిన్న పుస్తకాలకి ఆ డీటీపీ ఫైలే మిగిలిన మూలప్రతి. ఇది మీ కొట్టు సంగతి మాత్రమే కాదు, మన అందరి సంగతీ.

ఇప్పుడు ఫోన్ దగ్గరకి వద్దాం. వింటున్నవాళ్లలో ఎక్కువమందికి కంప్యూటర్ కంటే ఫోనే ముఖ్యం.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, యాప్స్‌లో ఏదైనా ఒక యాప్‌ని ఎంచుకుని, స్టోరేజ్ అని నొక్కితే రెండు బటన్లు కనిపిస్తాయి. ఒకటి 'క్లియర్ క్యాష్'. రెండోది కొన్ని ఫోన్లలో 'క్లియర్ డేటా' అని, కొన్నింట్లో 'క్లియర్ స్టోరేజ్' అని ఉంటుంది. రెండూ పక్కపక్కనే ఉంటాయి. రెండింటిలోనూ క్లియర్ అనే ఉంది. కానీ రెండింటికీ చాలా తేడా ఉంది.

క్లియర్ క్యాష్ అంటే పేలికలు ఊడవడం. ఆ యాప్ ఇంతకుముందు చూపించిన బొమ్మలు, వీడియో ముక్కలు మళ్ళీ త్వరగా చూపించడానికి దాచిపెట్టుకుంటుంది. అవి తీసేస్తే, తర్వాతిసారి తెరిచినప్పుడు మొదట్లో కాస్త నెమ్మదిస్తుంది. అంతే. మళ్ళీ తెచ్చుకుంటుంది. క్లియర్ డేటా అంటే కొలతల పుస్తకాన్ని చింపెయ్యడం. మీ లాగిన్, మీ సెట్టింగులు, ఆ యాప్ తన లోపల దాచుకున్న ఫైళ్ళు, అన్నీ పోతాయి. నొక్కగానే ఫోన్ ఒక హెచ్చరిక చూపిస్తుంది, ఇవి శాశ్వతంగా పోతాయని. ఆ హెచ్చరిక ఊరికే పెట్టింది కాదు. నిజంగానే శాశ్వతంగా పోతాయి.

మళ్ళీ చెబుతున్నాను. క్యాష్ నొక్కచ్చు. డేటా నొక్కకూడదు, ఎందుకు నొక్కుతున్నారో తెలిస్తే తప్ప.

వాట్సాప్ సంగతి తీసుకోండి. క్లియర్ డేటా నొక్కితే మీ మాటలన్నీ, అంటే చాట్‌లన్నీ ఆ ఫోన్‌లోంచి పోతాయి. బ్యాకప్ ఉంటే, అదే నంబరు, అదే గూగుల్ ఖాతా వాడితే తిరిగి వస్తాయి. బ్యాకప్ లేకపోతే రావు. ఇవాళ చాలా ఇళ్లలో, దూరమైపోయిన పెద్దవాళ్ల గొంతు మిగిలి ఉన్నది వాట్సాప్‌లో వాళ్లు పంపిన వాయిస్ మెసేజ్‌లోనే. అది ఏ కంపెనీ తిరిగి ఇవ్వలేదు. అందుకని వాట్సాప్ సెట్టింగ్స్‌లో, చాట్స్‌లో, చాట్ బ్యాకప్ అని ఉంటుంది. చివరి బ్యాకప్ ఏ తేదీన జరిగిందో అక్కడ కనిపిస్తుంది. ఆ తేదీ చూడండి. ఆ బ్యాకప్ ఇప్పుడు గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ లెక్కలోకే వస్తుంది. ఆ 15 జీబీ నిండిపోతే బ్యాకప్ ఆగిపోతుంది. రోజూ జరిగిపోతోందని మనం అనుకుంటూ ఉంటాం. అందుకే తేదీ చూడమంటున్నాను.

మరి వాట్సాప్‌లో జాగా ఎలా వస్తుంది? వాట్సాప్ సెట్టింగ్స్‌లోనే 'స్టోరేజ్ అండ్ డేటా' అని, అందులో 'మేనేజ్ స్టోరేజ్' అని ఉంది. చాలాసార్లు ఫార్వర్డ్ అయిన వీడియోలని, 5 ఎంబీ కంటే పెద్దవాటిని అది విడిగా చూపిస్తుంది. పొద్దున్నే వచ్చే శుభోదయం బొమ్మలు, పదిమంది పంపిన ఒకే వీడియో, ఇవన్నీ అక్కడ కూర్చుని ఏరి తీసెయ్యవచ్చు. వాయిస్ మెసేజ్‌ల జోలికి పోనక్కర్లేదు.

ఫోన్‌పే, గూగుల్ పే లాంటి యూపీఐ యాప్‌ల గురించి కొందరికి భయం ఉంటుంది, యాప్ తీసేస్తే డబ్బు పోతుందని. పోదు. బ్యాంకు ఖాతాలో ఉన్న డబ్బు బ్యాంకులోనే ఉంటుంది. యాప్‌ని మళ్ళీ ఎక్కించినప్పుడు మీ సిమ్ నుంచి ఒక ఎస్ఎంఎస్ పంపించి మీరేనని నిర్ధారించుకుంటుంది. ఆ సిమ్ ఆ ఫోన్‌లోనే ఉండాలి. అంటే ఇక్కడ 'ఎక్కణ్ణుంచి వస్తుంది' అన్న ప్రశ్నకి జవాబు ఉంది. బ్యాంకు నుంచి. కానీ అథెంటికేటర్ అనే యాప్‌లు కొన్ని ఉంటాయి, లాగిన్ అయ్యేటప్పుడు ఆరంకెల సంఖ్య చూపించేవి. వాటి రహస్యం ఫోన్‌లోనే దాచి ఉంటే, డేటా క్లియర్ చేసిన వెంటనే మీ ఈమెయిల్‌కి, ఆఫీసు ఖాతాకి తలుపు మూసుకుపోతుంది. గూగుల్ అథెంటికేటర్‌ని గూగుల్ ఖాతాతో కలిపి ఉంచుకునే వీలు 2023 ఏప్రిల్‌లో వచ్చింది. కలిపి ఉందో లేదో చూసుకోకుండా దాన్ని ముట్టుకోకండి.

ఇంకోటి, ఎవరూ పట్టించుకోనిది. మీ ఫోన్‌లో తెలుగు టైప్ చేసే కీబోర్డ్ కూడా ఒక యాపే. మీరు రెండక్షరాలు కొట్టగానే మీ అమ్మాయి పేరు, మీ ఊరి పేరు పైన చూపిస్తోందంటే, అది మీ దగ్గర నేర్చుకుంది. దాని డేటా క్లియర్ చేస్తే అలా నేర్చుకున్నవి పోతాయి. మళ్ళీ మొదటి నుంచి నేర్పించాలి.

ఫోన్లు తయారుచేసేవాళ్లకి కూడా ఈ ఇబ్బంది అర్థమైంది. ఐఫోన్‌లో 2017లో, ఐఓఎస్ 11తో, 'ఆఫ్‌లోడ్ యాప్' అనే ఏర్పాటు వచ్చింది. సెట్టింగ్స్‌లో జనరల్, అందులో ఐఫోన్ స్టోరేజ్, అందులో ఏదైనా యాప్ నొక్కితే రెండు దారులు కనిపిస్తాయి. 'డిలీట్ యాప్' అంటే అంతా పోతుంది. 'ఆఫ్‌లోడ్ యాప్' అంటే మిషను మాత్రం బయటకి వెళుతుంది, కొలతల పుస్తకం మీ దగ్గరే ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో 2023లో ప్లే స్టోర్ ద్వారా ఇలాంటిదే వచ్చింది. దాన్ని ఆర్కైవ్ అంటారు. యాప్ బొమ్మ తెర మీద అలాగే ఉంటుంది, దాని మీద చిన్న మబ్బు గుర్తు కనిపిస్తుంది. నొక్కితే మళ్ళీ దిగుతుంది. మీ సెట్టింగులు ఎక్కడివక్కడే ఉంటాయి. ఎప్పుడో ఒకసారి వాడే రైలు టికెట్ యాప్, కరెంటు బిల్లు యాప్, పిల్లల పరీక్షల యాప్, వీటికి ఇదే మంచి పద్ధతని నా అభిప్రాయం. ఒక్క షరతు. ఆ యాప్ స్టోర్‌లో ఇంకా ఉండాలి. తయారుచేసినవాళ్లు దాన్ని తీసేసి ఉంటే తిరిగి రాదు. అందుకే మళ్ళీ ఆ 'ఎక్కణ్ణుంచి' అన్న ప్రశ్న.

మనలాంటివాళ్లం పొరబడటం సరే, ఆ విండోస్‌ని తయారుచేసిన మైక్రోసాఫ్ట్ కూడా ఒకసారి ఇలాగే పొరబడింది. 2018 అక్టోబర్‌లో విండోస్ 10కి 1809 అనే పెద్ద అప్‌డేట్ విడుదలైంది. కొంతమంది తమ డాక్యుమెంట్స్ ఫోల్డర్‌ని సీ డ్రైవ్ నుంచి ఇంకో డ్రైవ్‌కి మార్చుకుని ఉంటారు. అలాంటివాళ్లకి అంతకుముందు అప్‌డేట్ తర్వాత అదే పేరుతో ఖాళీ ఫోల్డర్లు అదనంగా కనిపించేవి. ఖాళీవే కదా, ఊడ్చేద్దామని కొత్త అప్‌డేట్‌లో ఏర్పాటు చేశారు. కానీ కొందరి పాత ఫోల్డర్లలో ఫైళ్ళు ఇంకా మిగిలే ఉన్నాయి. అప్‌డేట్ వాటిని కూడా తీసేసింది. ఫిర్యాదులు రాగానే మైక్రోసాఫ్ట్ కొద్దిరోజుల్లోనే ఆ అప్‌డేట్‌ని ఆపేసింది. తర్వాత సరిదిద్ది, మళ్ళీ విడుదల చేసింది. ఫిర్యాదు చేసినవాళ్లు పదివేలలో ఒకరని కంపెనీ చెప్పింది. పదివేలలో ఆ ఒక్కరు మనమైతే? ఖాళీది అనుకున్నది నిజంగా ఖాళీదో కాదో తెరిచి చూడాలని చెప్పడానికే ఈ సంగతి చెప్పాను.

విండోస్‌లో పేలికలు ఊడవడానికి వేరే ప్రోగ్రాం అక్కర్లేదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్, అందులో టెంపరరీ ఫైల్స్ నొక్కండి. ఏవేవి ఎంత జాగా తింటున్నాయో చూపిస్తుంది. చాలావాటికి టిక్కు పెట్టి నిశ్చింతగా తీసెయ్యవచ్చు. కానీ ఆ వరసలోనే 'డౌన్‌లోడ్స్' అని కూడా ఉంటుంది. అది పేలిక కాదు. ఆధార్ కాపీ, హాల్ టికెట్, బ్యాంకు స్టేట్‌మెంట్, అన్నీ మనం దించుకుని అక్కడే వదిలేస్తాం. దానికి టిక్కు పెట్టకండి. ముందు ఆ ఫోల్డర్ తెరిచి, కావలసినవి వేరే చోటికి మార్చాక చూసుకోవచ్చు. ఇంకా, కొత్త విండోస్‌కి మారిన తర్వాత 'ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్' అని పెద్దది ఒకటి కనిపిస్తుంది. చాలా జీబీలు ఉంటుంది. మారిన పది రోజుల లోపు పాత విండోస్‌కి తిరిగి వెళ్ళడానికి అది కావాలి. ఆ పది రోజులు అయ్యాక మామూలుగా విండోసే దాన్ని తీసేస్తుంది. కొత్తది బాగా పనిచేస్తోందని తేలేదాకా మీరు తొందరపడకండి. విండోస్ ఫోల్డర్ లోపల ఉండే 'ఇన్‌స్టాలర్' అనే ఫోల్డర్ జోలికి అసలు పోకండి. చూడటానికి పాత సామాను లాగే ఉంటుంది. అది లేకపోతే రేపు ప్రోగ్రాములని సరిచెయ్యడం గానీ, పద్ధతిగా తీసెయ్యడం గానీ కుదరకపోవచ్చు.

క్లీనర్ అని పేరు పెట్టుకుని వచ్చే ప్రోగ్రాముల గురించి నా మాట సూటిగా చెబుతాను. వద్దు. రిజిస్ట్రీని శుభ్రం చేస్తామని చెప్పే సాధనాలని తాము సమర్థించబోమని మైక్రోసాఫ్టే చెప్పింది. 2017లో సీక్లీనర్ అనే బాగా పేరున్న ప్రోగ్రాం 5.33 వెర్షన్‌లోకి దుండగులు చొరబడి హానికరమైన కోడ్ చేర్చారు. దాదాపు 22 లక్షల 70 వేలమంది కంప్యూటర్లలోకి అది చేరింది. శుభ్రం చెయ్యడానికి తెచ్చుకున్నదే మురికి మోసుకొచ్చింది. పైగా ఏది పేలికో, ఏది పుస్తకమో మీ కంటే దానికి బాగా తెలియదు. మీ కొట్టు మీరే ఊడ్చుకోండి.

ఇప్పుడు చివరిగా ఒక పద్ధతి చెబుతాను. ఇది ఈ రాత్రే చేసి చూడవచ్చు.

ఒక ఫోల్డర్ ఉంది. అక్కర్లేదనిపిస్తోంది. కానీ ఆ ప్రశ్నకి జవాబు తెలియడం లేదు. అప్పుడు డిలీట్ చెయ్యకండి. పేరు మార్చండి. ఉన్న పేరు చివర 'పాత' అని చేర్చండి. విండోస్ సొంత ఫోల్డర్ల మీద ఈ పని చెయ్యకూడదు, మీరు ఎక్కించుకున్న ప్రోగ్రాముల సెట్టింగుల ఫోల్డర్ల మీదే చెయ్యాలి. పేరు మార్చేముందు ఆ ప్రోగ్రాం మూసెయ్యండి. ఆ తర్వాత ఒక నెల మామూలుగా పని చేసుకోండి. నెలాఖరు లెక్కలు రానివ్వండి, కరెంటు బిల్లు రానివ్వండి, పిల్లల ప్రాజెక్టు పని పడనివ్వండి. ఏదైనా ప్రోగ్రాం తన సెట్టింగులు దొరక్క కొత్తదానిలా తెరుచుకుంటే దాన్ని మూసేసి, అది కొత్తగా తయారుచేసుకున్న ఫోల్డర్‌ని పక్కకి తీసి, మీ ఫోల్డర్‌కి పాత పేరు తిరిగి పెట్టండి. అంతా మునుపటిలా వస్తుంది. నెలంతా ఏదీ దాన్ని వెతుక్కోకపోతే అప్పుడు డిలీట్ చెయ్యండి.

డిలీట్ చేసేటప్పుడు కూడా షిఫ్ట్ కీ పట్టుకుని చెయ్యకండి. షిఫ్ట్ పట్టుకుంటే ఫైలు రీసైకిల్ బిన్‌కి వెళ్ళకుండా నేరుగా పోతుంది. పెన్‌డ్రైవ్‌లోంచి తీసేసినవి కూడా మామూలుగా ఆ బిన్‌కి వెళ్ళవు, ఇది చాలామందికి తెలియదు. సీ డ్రైవ్‌లోంచి మామూలుగా డిలీట్ చేసినవి బిన్‌లో ఉంటాయి, మరీ పెద్దవైతే తప్ప. అలాంటి పెద్దదాన్ని శాశ్వతంగా తీసెయ్యాలా అని విండోస్ అడిగితే 'నో' అని చెప్పి, ముందు బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. ఇక బిన్ ఖాళీ చేసే పని మాత్రం అదే రోజు పెట్టుకోకండి. కంప్యూటర్‌ని ఒకసారి రీస్టార్ట్ చేసి, మీరు రోజూ వాడే ప్రోగ్రాములు ఒక్కొక్కటీ తెరిచి, మీ ఫైళ్ళు తెరుచుకుంటున్నాయో లేదో చూసుకున్నాక ఖాళీ చెయ్యండి.